నాన్నగారి హాజరు పుస్తకం

ఈ శీర్షిక క్రింద నేను సాధారణంగా యంత్రాల గురించి, వాటి సంరక్షణ గురించి, పనిచోట పాటించవలసిన జాగ్రత్తల గురించి వ్రాస్తూ ఉంటాను. ఈసారి ఒక మనిషిని గురించి వ్రాస్తున్నాను. ఆయన కూడా యంత్రం ముందు ముప్పయి అయిదు సంవత్సరాలు నిలబడినవారే కనుక పాఠకులు మన్నిస్తారని నమ్ముతున్నాను. ఆయన మా నాన్నగారు.

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక చిన్న గ్రామం. వాన కురిస్తే ఒక పంట, కురవకపోతే వలస అన్నది ఆనాటి మా ప్రాంతపు ఆనవాయితీ. మా తాతగారి తరంవారు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. ఆ తరువాతివారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు వెళ్ళారు. మా నాన్నగారి తరానికి భిలాయి దారి దొరికింది. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఆ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ వెళ్ళే రైలు మార్గమే మా జిల్లావాసులకు ఆ ఉద్యోగాల బాట అయింది. 1961లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఎనిమిదవ తరగతి చదువుతో, ఒక రేకు పెట్టెతో నాన్నగారు ఆ బండి ఎక్కారు.

ఖలాసీగా చేరి, కొద్ది సంవత్సరాలలో రోలర్లను చెక్కే లేత్ మీద టర్నరు అయ్యారు. రైలు పట్టా ఎలా తయారవుతుందో మన పాఠకులలో చాలామందికి తెలుసు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె రోలర్ల మీది గాడులగుండా అనేకసార్లు నడచి, ఒక్కొక్క గాడిలో కొంత కొంత రూపు మార్చుకొని, చివరికి పట్టాగా బయటపడుతుంది. కనుక పట్టా నాణ్యత రోలరు మీది గాడిలో ఉంటుంది. అరిగిన గాడిని మళ్ళీ లేత్ మీద చెక్కి, ఉక్కు రేకుతో చేసిన టెంప్లేటును దానిలో ఆనించి, వెనుక దీపం పెట్టి చూస్తారు. రేకుకూ రోలరుకూ మధ్య వెలుతురు గీత కనిపించిందంటే గాడి సరిగా లేదన్నమాట. నాన్నగారు ఈ పని ముప్పయి సంవత్సరాలకు పైగా చేశారు. దేశంలో ఎక్కడ రైలెక్కినా క్రిందికి చూసి, "మన పట్టాయే అయివుంటుంది" అని చిన్నగా అనుకోవడం ఆయనకు అలవాటు.

జీతం రోజున కవరు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చేవారు. అమ్మ దానిని వంటింటి పలక మీద అయిదు భాగాలు చేసేది. ఊళ్ళో ఉన్న తాతగారికి, నాయనమ్మకు మనియార్డరు ఒక భాగం. మేనత్తల పెళ్ళిళ్ళకు చేసిన అప్పుల వాయిదా ఒకటి. మా ముగ్గురి చదువు ఒకటి. ఇల్లు గడిచేది ఒకటి. అయిదవది ఎప్పుడూ చాలా చిన్నది. దానికి అమ్మ పెట్టిన పేరు "బంతుల డబ్బులు". మా ఇంట్లో సినిమాకు, చీరలకు, పండక్కి పెట్టిన డబ్బుకు పేరు లేదు కాని, బంతుల డబ్బులకు మాత్రం ఒక పేరు, ఒక చక్కెర డబ్బా ఉండేవి.

బాల్ బ్యాడ్మింటన్ అనే ఆటను నేటి పిల్లలలో చాలామంది చూసి ఉండరు. తంజావూరు ప్రాంతంలో పుట్టి, తమిళ, తెలుగు, కన్నడ దేశాలలోని ప్రతి ఉన్నత పాఠశాల ఆవరణలోనూ వేళ్ళూనుకున్న ఆట అది. పసుపుపచ్చని ఊలుతో చుట్టిన చిన్న బంతి, చేతిలో రాకెట్టు, పక్షానికి అయిదుగురు. ఇరవై నాలుగు మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు గల మట్టి నేల చాలు. పైకప్పు అక్కరలేదు, గచ్చు అక్కరలేదు. గాలి ఎటు వీస్తున్నదో ఆకాశం వంక చూసి తెలుసుకొని ఆడాలి. ఖర్చు తక్కువ, నేర్పు ఎక్కువ. వరంగల్‌కు చెందిన జె. పిచ్చయ్యగారికి 1970లో ఈ ఆటలో అర్జున పురస్కారం లభించింది. ఈ ఆటలో ఆ పురస్కారం అందుకొన్న మొదటి వ్యక్తి ఆయనే. ఆ వార్త వచ్చిన కాగితాన్ని నాన్నగారు కత్తిరించి, మా క్వార్టరులో దేవుని పటాల పక్కన అతికించారు. నూరేళ్ళు దాటిన వయసులో పిచ్చయ్యగారు 2021 డిసెంబరులో కన్నుమూశారు. అప్పటికి నాన్నగారు మంచం మీద ఉన్నారు. ఆ కబురు మేము చెప్పలేదు.

1974లో నాన్నగారు మా వీధి వెనుక ఉన్న ఖాళీ స్థలంలో ముళ్ళపొదలు కొట్టి, ఎర్రమొరం పరచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో అణగగొట్టి ఒక కోర్టు తయారు చేశారు. వల కట్టడానికి రెండు పాత ఇనుప గొట్టాలను అణాపైసలతో కొని తెచ్చారు. మొదట ఆరుగురు పిల్లలు వచ్చారు. ఏడాది తిరిగేసరికి ముప్పయిమంది అయ్యారు. తెలుగు పిల్లలు ఆయనను "మావయ్యగారూ" అని, ఛత్తీస్‌గఢ్ పిల్లలు "కాకా" అని పిలిచేవారు. ఫీజు లేదు. ఒకే ఒక్క నిబంధన ఉండేది: రాని రోజున ఎందుకు రాలేదో మరునాడు చెప్పాలి.

నేను ఇంజనీరునై, షిఫ్టుల బాధ స్వయంగా అనుభవించిన తరువాతగాని ఆయన చేసినది ఎటువంటి పనో నాకు అర్థం కాలేదు. వారానికొక షిఫ్టు మారేది. మొదటి షిఫ్టు వారంలో ఉదయం ఆరు నుంచి రెండు వరకు పని, కనుక సాయంత్రం నాలుగున్నరకు కోర్టు. రెండవ షిఫ్టు వారంలో రాత్రి పది వరకు పని, కనుక తెల్లవారుజామున అయిదున్నరకు కోర్టు. రాత్రి షిఫ్టు వారంలో ఉదయం ఆరింటికి గేటు దాటి, సైకిలు మీద ఇంటికి రాకుండా నేరుగా కోర్టుకే వచ్చేవారు. అప్పటికి మేము గీతలకు సున్నం పోసి, వల కట్టి ఉంచేవాళ్ళం. ఏడున్నరకు మేము బడికి పరుగెత్తితే, ఆయన ఇంటికి వెళ్ళి పడుకొనేవారు. మా వీధి పిల్లలందరికీ పరీక్షల టైంటేబులు తెలియకపోయినా ఆయన షిఫ్టు మాత్రం కంఠతా వచ్చు. కర్మాగారపు గంటల ప్రకారం ఆడుకొన్న పిల్లలం మేము.

నిద్ర మాత్రం ఆయనను ఊరక వదిలిపెట్టలేదు. క్షవరం చేయించుకొంటూ నిద్రపోయేవారు. ఒక పెళ్ళిలో తలంబ్రాల వేళ మేళతాళాల మధ్య కుర్చీలో నిద్రపోతే మా చెల్లెలు అక్షింతలు ఆయన నెత్తిన కూడా వేసింది. లేత్ ముందు మాత్రం ఒక్కనాడూ కునుకు తీయలేదని ఆయనతో పనిచేసినవారు చెప్పగా విన్నాను.

ఆ రోజులలో ఆడపిల్లలను మైదానానికి పంపడం సామాన్యమైన విషయం కాదు. 1978లో మా అక్కకు పదకొండేళ్ళు. నాన్నగారు దానిచేతికి రాకెట్టు ఇచ్చి, "నువ్వు ఒక్కదానివే ఆడితే సరిపోదు, ఇంకా నలుగురు కావాలి" అన్నారు. ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మ ఒక ఉపాయం చేసింది. ప్రతి సాయంత్రం ఒక పీట, సూది, ఊలు పట్టుకొని కోర్టు ఒడ్డున కూర్చోవడం మొదలుపెట్టింది. తల్లి కూర్చొని ఉన్నచోటికి పిల్లను పంపడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుంది? నెల తిరగకుండానే తొమ్మిదిమంది ఆడపిల్లలు వచ్చారు. వదులైన బంతులకు ఊలు బిగించి కుట్టడం అమ్మ పని. తెగిన రాకెట్టు తీగలను ఇంట్లో చేసుకొన్న చెక్క చట్రంలో బిగించడం నాన్నగారి పని. అందరూ ఆ కోర్టు నాన్నగారిదని చెప్పుకొనేవారు. దానిలో సగం అమ్మది. ఈ మాట ఆయన బ్రతికి ఉండగా ఎవరూ అనలేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

అమ్మ కూడా ఊరుకొన్న మనిషి కాదు. "ఇరవై రెండేళ్ళలో నాలుగు సినిమాలు చూశాను. అందులో ఒకటి వానొచ్చి ఆట ఆగిపోయిన రోజున" అని లెక్క చెప్పేది. ఆ నవ్వులో కొంత నిజమైన కష్టం ఉండేది. మనవాళ్ళు పరోపకారి అని ఒకరిని పొగిడేటప్పుడు, ఆ ఉపకారపు ఖర్చు ఏ ఇంటి పద్దులో పడిందో చూడరు.

ఇక నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని విషయానికి వస్తున్నాను.

1985లో నాకు పదిహేనేళ్ళు. రాయపూర్‌లో బాలుర పోటీలు జరుగుతున్నాయని తెలిసి, మా కోర్టు నుంచి ఒక జట్టు పంపాలని నిశ్చయించారు. నలుగురి విషయంలో ఎవరికీ సందేహం లేదు. అయిదవ స్థానానికి ఇద్దరం పోటీ పడ్డాం. ఒకడిని నేను. రెండవవాడు మా వీధికి అవతల గుడిసెలలో ఉండే ఒక కాంట్రాక్టు కార్మికుని కొడుకు. ఛత్తీస్‌గఢ్ వాడు, నా ఈడువాడే. అతనికి సొంత రాకెట్టు లేదు. నాన్నగారిది వాడుకొనేవాడు.

నవంబరులో ఒక ఆదివారం ఉదయం పరీక్ష పెట్టారు. ఇరవై సర్వీసులు, ఎడమ చేతివైపు వచ్చే ఇరవై బంతులు, వెనుక గీత దగ్గర పడే ఇరవై బంతులు. నాన్నగారు పక్కన నిలబడి పుస్తకంలో గుర్తులు పెట్టుకొన్నారు. పూర్తి అయ్యాక మమ్మల్ని వరుసగా నిలబెట్టి పేర్లు చదివారు. అయిదవ పేరు అతనిది. ఆరవది, అంటే ఆడకుండా ఒడ్డున కూర్చొనే అదనపువాడి పేరు, నాది. అంకెలు చదవలేదు. కారణం చెప్పలేదు. పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకొని, రాత్రి షిఫ్టు నిద్ర కోసం ఇంటికి వెళ్ళిపోయారు.

జట్టు బయలుదేరే రోజున నాకు కడుపు నొప్పి అని చెప్పి మంచం దిగలేదు. అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఏమీ అనలేదు. ఆ జట్టు రెండవ ఆటలోనే ఓడి తిరిగి వచ్చింది. డిసెంబరు నుంచి నేను కోర్టుకు వెళ్ళడం మానేశాను. ఎందుకు రాలేదో మరునాడు చెప్పాలన్న నిబంధన అందరికీ వర్తించింది గాని నాకు వర్తించలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పట్టుదలతో పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్నాను. 1987లో ఇంజనీరింగ్‌లో సీటు వచ్చి ఇల్లు వదిలాను. నా చదువుకు పునాది నాన్నగారి ప్రోత్సాహమని సన్మాన సభలలో చెప్పుకోవడం బాగుంటుంది. నిజానికి దాని పునాది నాన్నగారి మీది కోపం.

కాలం ఆ కోపాన్ని పలుచన చేసింది. అవతలివాడు నాకంటె బాగా ఆడాడు, నాన్నగారు కొడుకని చూడకుండా న్యాయం చేశారు అని నాకు నేనే ఒక సమాధానం చెప్పుకొన్నాను. దానితో ముప్పయి ఏడేళ్ళు గడిపాను. ఆ కుర్రవాడు తరువాత ఆటగాళ్ళ కోటాలో రైల్వేలో ఉద్యోగం సంపాదించుకొన్నాడు. కబురు తెలిసి సంతోషించాను కూడా.

నాన్నగారు 1996లో పదవీ విరమణ చేసి, అమ్మతో కలిసి మా ఊరికి తిరిగి వచ్చారు. 2000 సెప్టెంబరులో మా జిల్లా ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఊరంతా టపాకాయలు కాలుస్తుంటే నాన్నగారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ పిల్లకు చిన్నప్పుడు నేర్పినాయన ఎవరు?" నీలంశెట్టి అప్పన్నగారని చెప్పాను. ఆ పేరును తన డైరీలో వ్రాసుకొన్నారు. "పతకం పిల్లదే. కాని రోజూ వెళ్ళి తాళం తీసినవాడు ఒకడు ఉంటాడు గదా" అన్నారు. తన గురించి అనుకొని అన్నమాట కాదది. ఆయనకు తన గురించి అనుకొనే అలవాటు లేదు.

2022 ఫిబ్రవరిలో, ఎనభై నాలుగవ ఏట, నాన్నగారు వెళ్ళిపోయారు. తొమ్మిదవ రోజున ఆయన రేకు పెట్టె తెరిచాము. 1961లో బండెక్కిన పెట్టె అదే. అందులో అరిగిపోయిన ఒక టెంప్లేటు, పిచ్చయ్యగారి వార్త ఉన్న కాగితం, పదకొండు పొడుగు నోటు పుస్తకాలు ఉన్నాయి. అవి హాజరు పుస్తకాలు. 1974 నుంచి 1996 వరకు నెలకు మగపిల్లలకొక పేజీ, ఆడపిల్లలకొక పేజీ. పైన తేదీలు, తేదీల క్రింద ఆయన షిఫ్టు, ఎడమ పక్కన పేర్లు. వచ్చినవారికి ఒక గీత. జ్వరమైతే "జ్వ", పరీక్షలైతే "ప". అక్షరాలు కుదురుగా, గాడి చెక్కినట్లు ఉన్నాయి.

1985 నవంబరు పేజీ వెదకి తీశాను. పరీక్ష అంకెలు అక్కడే ఉన్నాయి. నావి పద్నాలుగు, పదకొండు, పదహారు. అతనివి పదిహేను, తొమ్మిది, పదిహేడు. రెండుసార్లు కూడాను. ఇద్దరికీ నలభై ఒకటే.

సమానం! నేను ముప్పయి ఏడేళ్ళుగా చెప్పుకొన్న సమాధానం ఆ ఒక్క కూడికతో పోయింది. అతడు నాకంటె బాగా ఆడలేదు. నేను అతనికంటె తక్కువ ఆడలేదు. ఇద్దరూ సమానమైనచోట నాన్నగారు తన కొడుకు కానివానిని ఎంచుకొన్నారు. పేజీలో కారణం లేదు. రెండు నలభై ఒకట్ల క్రింద ఒక సన్నని గీత మాత్రం ఉంది.

కోపం మళ్ళీ వచ్చిందని ఒప్పుకొంటున్నాను. యాభై రెండేళ్ళవాడికి పదిహేనేళ్ళ కోపం. పుస్తకం మూయబోతూ ఎందుకో పేజీ తిప్పాను. డిసెంబరు. నేను మానేసిన నెల. పేర్ల వరుసలో నా పేరు ఉంది. ఎదురుగా గడులన్నీ ఖాళీ. జనవరి తిప్పాను. నా పేరు ఉంది. గడులు ఖాళీ. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ కూడా అంతే. నేను ఇల్లు వదిలిన 1987 జూలై వరకు, ఇరవై నెలలపాటు, ప్రతి నెల మొదటి రోజున ఆయన నా పేరు మళ్ళీ వ్రాశారు. నెల పొడుగునా ఖాళీగా వదిలేశారు. మిగతా పిల్లలు మూడు నెలలు రాకపోతే పేరు తీసివేయడం ఆయన పద్ధతి. నా పేరు తీయలేదు.

పదకొండవ రోజున అతను వచ్చాడు. కబురు ఎవరు అందించారో తెలియదు. బిలాస్‌పూర్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, నాన్నగారి పటం ముందు చాలాసేపు కూర్చున్నాడు. భోజనాలైన తరువాత పాత సంగతులు చెప్పుకొన్నాం. ఆ ఆదివారం ఉదయం తనకు ఎంత స్పష్టంగా గుర్తుందో చెప్పాడు. కాకా తన పేరు చదివినప్పుడు నమ్మలేకపోయాడట. కాకా సొంత కొడుకుని ఓడించానంటే నిజంగానే ఆడగలనన్నమాట అని ఆ రోజున మొదటిసారి అనుకొన్నాడట. తన బ్రతుకు ఆ ఉదయంతో మారిందన్నాడు.

పుస్తకం పక్క గదిలోనే ఉంది. నేను తీసుకురాలేదు. సమానం అంటే తక్కువ కాదని నేను అతనికి వివరించి ఉండవచ్చు. కాని ఒక మనిషి దేని మీద కాలు పెట్టి పైకి వచ్చాడో, ఇన్నేళ్ళ తరువాత దానిని కదిలించే హక్కు నాకు ఉన్నదని తోచలేదు. అతనికి తెలుగు చదవడం రాదు గనుక ఇక్కడ వ్రాయగలుగుతున్నాను.

అందరూ వెళ్ళిన తరువాత అమ్మకు ఆ రెండు పేజీలూ చూపించాను. అంకెలు ఆమెకు ముందే తెలుసు. ఆ ఆదివారం నాన్నగారు ఇంటికి రాగానే చెప్పారట. "ఇద్దరూ సమానమయ్యారు. మనవాడికి ఇంకో అవకాశం వస్తుంది, వాడికి రాదు" అన్నారట. అమ్మ ఒప్పుకోలేదట. "మన ఇంట్లో పుట్టడం వాడి తప్పా?" అని అడిగిందట. ఆయన జవాబు చెప్పలేదట. అమ్మ నాతో ఇంకొక మాట కూడా అన్నది. "మీ నాన్న నెలనెలా నీ పేరు రాశాడు. బాగానే ఉంది. పక్క గదిలో ఉన్న పిల్లాడిని ఒక్కసారి పిలవొచ్చు గదా!"

ఇంట్లో పుట్టడం తప్పా అన్న ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. ఆయన నిర్ణయం సరైనదేనని ఇంజనీరుగా నాకు అనిపిస్తుంది. తాసు సమానంగా నిలిచినప్పుడు, తాసు పట్టుకొన్నవాడు తన వైపు మొగ్గకూడదు. కొడుకుగా మాత్రం అమ్మ పక్షమే. కాని రెండవ మాటకు, పిలవవచ్చు గదా అన్నదానికి, జవాబు వెదకనక్కరలేదు. అక్కడ నాన్నగారు పొరబడ్డారు. గాడిలో వెలుతురు గీతను పట్టుకోగల కన్ను, ఇంట్లో ఇద్దరి మధ్య ఉన్న సందును చూసి కూడా చూడనట్లు ఊరకుండిపోయింది. న్యాయం చేసినవాడు, దాని బరువు ఎవరి మీద పడిందో వారితో ఒక మాట మాట్లాడాలి. లేకపోతే న్యాయమే అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ పాఠం నాకు త్వరలోనే పనికివచ్చింది. 2023లో మా విభాగం నుంచి ఒకరిని పై శిక్షణకు పంపవలసి వచ్చింది. ఇద్దరు యువ ఇంజనీర్ల యోగ్యతలు అన్ని విధాలా సమానంగా తేలాయి. వారిలో ఒకరు ఆరేళ్ళుగా నా చేతి క్రింద పనిచేస్తూ, మా ఇంటికి వచ్చిపోతూ, మా ఆవిడ చేతి పులుసు రుచి తెలిసిన అబ్బాయి. నేను రెండవ అబ్బాయి పేరు వ్రాశాను. వ్రాసిన సాయంత్రమే మొదటి అబ్బాయిని పిలిచి, కాగితాలు ముందు పెట్టి, అంకెలు చూపించి, కారణం చెప్పాను. అతనికి సంతోషం కలగలేదు. కలుగుతుందని నేనూ అనుకోలేదు. వారం రోజులు నమస్కారం తప్ప మాట లేదు. పదవ రోజున ఒక గేర్‌బాక్సు శబ్దం గురించి సలహా అడుగుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాకూ నాన్నగారికీ మధ్య ఆ పదవ రోజు రానేలేదు.

మన టౌన్‌షిప్‌లో మైదానాలకు కొదవ లేదు. ఫ్లడ్ లైట్లు, సిమెంటు మెట్లు ఉన్నాయి. పిల్లలు కూడా ఉన్నారు, ఇళ్ళల్లో, తెరల ముందు. లేనిది వేళకు వెళ్ళి వల కట్టే మనిషి. ఉద్యోగం చేసి అలసిపోయి వచ్చేవారిని ఇంకొక పని చేయమనడానికి నాకు నోరు రాదు. నాన్నగారిలా నిద్ర మానుకోమని చెప్పను. వారానికొక గంట, ఇంట్లోవారిని అడిగి, వారికి ఇష్టమైతేనే ఇవ్వండి. వీలైతే వారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. కోర్టు ఒడ్డున పీట వేసుకొని కూర్చున్న మనిషి లేకపోతే మా అక్క చేతిలో రాకెట్టు నిలిచేది కాదు.

గత ఏడాది నుంచి ఆదివారం ఉదయం నేను మన కోర్టుకు వెళుతున్నాను. మోకాళ్ళ వలన ఆడలేను. సున్నం గీతలు పోస్తాను, బంతులు ఏరి ఇస్తాను, ఒక పొడుగు పుస్తకంలో హాజరు వేస్తాను. పద్ధతి అంతా నాన్నగారిదే. నేను చేసిన మార్పు ఒక్కటే. ఏ పేరు ఎదురుగానైనా వరుసగా మూడు గడులు ఖాళీగా కనిపిస్తే, ఆ సాయంత్రం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి తలుపు తడతాను.